నాన్న చదివిన జట్టు

జనవరి 6

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్లో మాట్లాడితే మూడో నిమిషానికి మనిద్దరిలో ఎవరో ఒకరం పెట్టేస్తున్నాం. ఉత్తరమైతే చివరిదాకా వినక చావదు కదా అని కాగితం తీశాను. నువ్వూ ఉత్తరమే రాయి. ఫోన్ చేస్తే ఎత్తను.

నాన్న పోయి మూడు వారాలు కావస్తోంది. ఆక్సిజన్ సిలిండర్ మొన్న వచ్చి తీసుకుపోయారు. అది నిలబడ్డ చోట నేలమీద గుండ్రంగా తుప్పు మరక మిగిలింది. ఎంత తోమినా పోలేదు, ఇక తోమడం మానేశాను. బూట్లు మాత్రం ఆయన పెట్టినట్టే మంచం కింద ఉన్నాయి, ముక్కులు బయటికి, పిలిస్తే లేచి తొడుక్కోవడానికి సిద్ధంగా.

విషయానికొస్తాను. ఫిబ్రవరి పదహారు, ఆదివారం, మన ప్రార్థన మందిరంలో నాన్న జ్ఞాపకార్థం సభ. మందిరం వాళ్ళూ, నాన్న ఆటగాళ్ళని తయారుచేసిన ఫుట్‌బాల్ క్లబ్బూ, నౌకాదళం నుంచి రిటైరైనవాళ్ళ సంఘమూ కలిసి పెడుతున్నారు. ఒక చిన్న పుస్తకం కూడా వేస్తారట. అందులో నాన్న గురించి ఒక్క పేజీ నువ్వు రాయాలి. వచ్చి నువ్వే చదవాలి. ఓడ, ఇల్లు, దేవుడు, ఫుట్‌బాల్. ఈ నాలుగూ ఉంటే చాలు. అయిదోది, నీ రాజకీయం, వద్దు.

"వాడికి పేజీ ఇస్తే పుస్తకం రాస్తాడు, పుస్తకం ఇస్తే ఊరేగింపు తీస్తాడు" అంటున్నాడు మీ బావ. ఆయన మాట అబద్ధం చెయ్యి.

అంత్యక్రియలకి నువ్వు రాలేదని నేనేమీ అనుకోవడం లేదు. అనుకోవడం లేదని నీకు తెలియాలని రాశాను.

నీ అక్క

*

జనవరి 11

అక్కయ్యా,

అనుకోవడం లేదని ఉత్తరంలో రాసేంతగా అనుకోవడం లేదన్నమాట. సరే. ఆ రోజు నేను పొరుగూళ్ళో రేవు కూలీల సభలో మాట్లాడుతున్నాను. ఫోన్ బ్యాగులో ఉంది. రెండు రోజులు చూసుకోలేదు. ఇంతకు మించి సంజాయిషీ నా దగ్గర లేదు.

నీ ఉత్తరం ప్రెస్సు పైనున్న నా గదిలోనే చదువుకున్నాను. కింద మెషిన్ తిరిగితే మంచం కాళ్ళు కూడా అదురుతాయి ఇక్కడ. నాలుగు విషయాలు చాలన్నావు. నాలుగో నలభయ్యో కాదు, ఒకటే అడుగుతాను: నాన్న దేనితో పోయాడు? మీ పుస్తకంలో ఏమని వేస్తారు? "ప్రశాంతంగా కన్నుమూశారు" అనేనా? ఊపిరితిత్తుల చుట్టూ పొర రాయిలా బిగుసుకుపోయి, మంచం మీద కూర్చునే నిద్రపోయిన మనిషికి ప్రశాంతత ఎక్కడిది?

హాల్లో ఉండే ఫొటో నాకు పంపు. చిన్నప్పుడు "పిండిమర జట్టు" అని నవ్వుకునేవాళ్ళమే, అది. నాన్న ఓడ బాయిలర్ గదిలో గొట్టాలకి చుట్టిన పాత ఆస్బెస్టాస్ పొరలు ఒలవడం ముగించిన రోజు తీసిన ఫొటో. నాన్నతో కలిపి పదకొండు మంది, నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా, పళ్ళు బయటపెట్టి నవ్వుతూ. మర్నాడు ఓడల మధ్య ఫైనల్ ఆడి కప్పు కొట్టుకొచ్చారు. ఆ తెలుపేమిటో ఇప్పుడు మనకి తెలుసు. ఆ పొడి లోపలికెళ్ళి ఇరవై ఏళ్ళో నలభై ఏళ్ళో కదలకుండా కూర్చుంటుంది, ఆ తర్వాత లేస్తుంది. తడపకుండా ఒలవకూడదని, ముఖానికి మాస్కు లేనిదే లోపలికి పంపకూడదని అప్పటికే తెలుసు. తెలిసి పంపారు.

పేజీ రాస్తాను. కానీ అందులో ఒక హోదా ఉండాలి: ఆ పదకొండు మందినీ ముక్కుకి గుడ్డయినా లేకుండా ఆ గదిలోకి తోలినవాడి హోదా. ఆ సంఘం ముసలి ఆఫీసర్లని అడుగు, వాళ్ళకి తెలిసే ఉంటుంది. ఆ ఫొటో పేజీ మధ్యలో వెయ్యాలి.

తమ్ముడు

*

జనవరి 16

తమ్ముడూ,

ఫొటో పంపను. అది హాల్లో లేదు. నాలుగేళ్ళ కిందట నాన్నే దించాడు. మేకు మాత్రం ఉంది.

ఎవడు తోలాడో వదిలెయ్యరా. నువ్వు నాన్న మీద రాయాలి, తోలినవాడి మీద కాదు. నీకు గుర్తు లేకపోతే నేను చెబుతాను, రాసుకో. సెలవు మీద వచ్చిన మొదటి ఉదయం మనిద్దర్నీ వరండాలో నిలబెట్టి చేతులు చాపమనేవాడు, ఓడ మీద తనిఖీలాగా. గోళ్ళు చూసి, చెవులు చూసి, "ఈ చెవిలో ఒక చిన్న పడవ మునిగిపోయింది సార్" అని అమ్మకి రిపోర్టు ఇచ్చేవాడు. నీ స్కూలు చొక్కాకి ఆయన పెట్టిన ఇస్త్రీ మడత వానలో తడిసినా చెరిగేది కాదు. అమ్మ మంచం పట్టిన రెండేళ్ళూ ఆవిడ పనులేవీ నన్ను ముట్టుకోనివ్వలేదు. "నీ వంతు తర్వాత వస్తుంది, ఇది నా డ్యూటీ" అనేవాడు. ఇవి రాయడానికి నీ చెయ్యి నొప్పెడుతుందా?

క్లబ్బు వాళ్ళొచ్చారు. నాన్న ఈల అడిగారు, అద్దాల పెట్టెలో పెడతారట. ఇవ్వలేదు. ఆ ఈల ఊది మీ బావని భోజనానికి పిలిచేవాడు కదా, ఇప్పుడు మీ బావ తనంతట తనే వచ్చి కూర్చుంటున్నాడు. ఒక్క మాటా మాట్లాడకుండా తిని లేస్తున్నాడు. ఇల్లంతా ఎలా ఉందో నీకు చెప్పడం చేతకావడం లేదు. మనుషులున్నారు, మాట లేదు.

నువ్వు వస్తే బావుంటుంది. ఫొటో కోసం కాదు.

అక్క

*

జనవరి 20

అక్కయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కోపం వచ్చింది.

గోళ్ళూ, చెవులూ, ఇస్త్రీ మడతలూ అన్నీ నిజమే, నాకూ గుర్తున్నాయి, నీ ఒక్కదాని ఆస్తి కావు. కానీ ఇలాంటి మంచితనాల వెనకే దాక్కుంటారు వాళ్ళు. చచ్చిపోయినవాడు ఎంత మంచివాడో అందరి చేతా చెప్పిస్తారు, ఎలా చచ్చిపోయాడో ఎవరూ అడగకుండా. వేదిక మీద కూర్చునే ఆఫీసర్లకి కష్టం కలగకూడదని నీ భయం. మందిరం పెద్ద మొహం చిట్లిస్తాడని నీ భయం. నాన్నకి తెలిస్తే ఆయనే ఫొటో తెచ్చి నా చేతికిచ్చేవాడు.

నువ్వు రాయకపోయినా నీ మనసులో ఉన్నది నాకు తెలుసు. ఏడేళ్ళ కిందటి వ్యాసం. నాన్న నాతో మాట మానెయ్యడానికి కారణం అదేనని బంధువులందరికీ నువ్వే చెప్పావు. ఇప్పటికీ నేను దాన్ని వెనక్కి తీసుకోను. ప్రతి ఆదివారం మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, "రైట్ బ్యాక్, లెఫ్ట్ బ్యాక్, సెంటర్ హాఫ్..." అని దేవుడికి జట్టు జాబితా అప్పజెప్పే మనిషి గురించి రాశాను. కోట్ల మంది ఆకలితో ఉన్న లోకంలో దేవుణ్ణి రిఫరీగా పెట్టుకున్న భక్తి గురించి రాశాను. "కొన్నేళ్ళకొక ఆటగాణ్ణి చేర్చుకుంటూ, అరవై దాటినా జట్టు ఎంపిక పూర్తికాని ఒక గోల్‌కీపర్" అని రాశాను. పేరు పెట్టలేదు. పాఠకులు నవ్వారు. నవ్వదగిన విషయమే. కోపం వస్తే తిట్టాలి, వాదించాలి. ఏడేళ్ళు నోరు మూసుక్కూర్చోవడం వాదన కాదు.

పేజీ దీనితో పంపుతున్నాను. చివరి పేరా ఇది: "ఆ హుకుం ఇచ్చినవాడు ఇవాళ ఏదో ఇంట్లో, మెత్తటి కుర్చీలో, మనవలతో ఆడుకుంటూ ఉండి ఉంటాడు. వాడికి నిద్ర ఎలా పడుతోందో కనుక్కోవాలని ఉంది." ఒక్క మాట తీసేసినా నేను రాను. నువ్వు చదివినా సరే, చదవకపోయినా సరే.

తమ్ముడు

*

జనవరి 27

ఒరేయ్,

నాలుగు రోజులు నీ పేజీ బీరువాలో పెట్టి తాళం వేశాను. చెప్పనని నాన్నకి మాటిచ్చాను. "వాడికి చెప్పకు, వాడు రాయకుండా ఉండలేడు" అన్నాడు. ఆయన మాట తప్పుతున్నాను. అది నా పాపం, నీది కాదు.

ఆ హుకుం ఇచ్చింది నాన్న.

ఆ బాయిలర్ గదికి పెద్ద ఆయనే. మిగతా పది మందీ ఆయన కింద మనుషులు. పొరలు తడిపి, మాస్కులు కట్టుకుని, నెమ్మదిగా ఒలవమని పైనుంచి కాగితం వచ్చింది. అలా చేస్తే వారం పడుతుంది. మధ్యలో ఫైనల్ వచ్చి పడింది. పని మిగిలితే జట్టుని వదలరు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "పొడిగానే లాగెయ్యండ్రా, మాస్కుల్లో ఊపిరాడక చస్తారు, ఆట ముందు ఆయాసం ఎందుకు" అన్నాడట. నాలుగు రోజుల్లో ముగించేశారు. ఆయన కూడా వాళ్ళతో పాటే లాగాడు. ఫొటో తీయించింది కూడా ఆయనే. మర్నాడు రెండు గోల్సు కొట్టి గెలిచారు.

ఇదంతా నవంబరులో, ఆసుపత్రిలో, ఎక్స్‌రే కోసం వరసలో కూర్చున్నప్పుడు చెప్పాడు. మా ముందు ఏడుగురున్నారు. ఒక్కో వాక్యానికి ఒకసారి ఆక్సిజన్ మాస్కు తీసి, చెప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. మా వంతు వచ్చేసరికి అయిపోయింది.

ఇక ఆ ప్రార్థన. నువ్వు ఇల్లు వదిలిన ఏడాది అందులో ఒక్క రైట్ బ్యాకే ఉండేవాడు, గుర్తు చేసుకో. ఆ ఏడాది దగ్గుతో పోయినవాడు అతను. తర్వాత మూడేళ్ళకి లెఫ్ట్ బ్యాక్. ఆ తర్వాత సెంటర్ హాఫ్. నాన్న జట్టులోకి ఎవర్నీ ఎంపిక చెయ్యలేదురా. ఒక్కొక్కడూ పోయినప్పుడల్లా చేర్చుకున్నాడు. గోల్‌కీపర్ కోసం ఎందుకు ప్రార్థించవు నాన్నా అని నేనోసారి వెక్కిరిస్తే "వాడింకా మైదానంలోనే ఉన్నాడుగా" అన్నాడు. నేను కూడా నవ్వాను. నువ్వు పత్రికలో నవ్వావు, నేను వంటింట్లో నవ్వాను, తేడా అంతే. పోయినేడు పదో మనిషి పోయాక పది మందీ పూర్తయ్యారు. ఆ ఆదివారం మందిరంలో చివరిదాకా కూర్చుండిపోయాడు. ఊడ్చేవాడొచ్చి లేపాడు.

నీ వ్యాసం నిలబడే చదివాడు. చదివి, "బాగా రాశాడు, ఎక్కడా తప్పు లేదు" అన్నాడు. కోపం వచ్చిందనుకున్నాం మేము. నీతో మాట్లాడాలంటే చెప్పాలి. చెప్పాలంటే చెప్పలేడు. నీకు ఫోన్ కలపమని ఎన్నిసార్లు అడిగాడో, నంబరు నొక్కగానే ఎన్నిసార్లు వద్దన్నాడో నాకు తెలుసు.

ఆ పది ఇళ్ళలో సెంటర్ హాఫ్ గారి భార్య ఒక్కావిడే నా ఎరికలో ఉంది. నాన్న ఏటా ఆవిడకి ఉత్తరం రాసేవాడు. సభకి వస్తానని కబురు చేసింది. ఇప్పుడు చెప్పు, నీ చివరి పేరా చదవమంటావా?

అక్క

*

ఫిబ్రవరి 4

అక్కయ్యా,

చదవకు. చింపెయ్యి. వద్దు, చింపకు, నాకు తిరిగి పంపు. నేను చింపాలి.

మూడు రోజులు నీతో మనసులో వాదించాను. ఇదిగో వాదన, విను. ఆ ఫైనల్ తేదీ పెట్టింది నాన్న కాదు. ఆ విషాన్ని గొట్టాలకి చుట్టించింది నాన్న కాదు. దానితో మనుషులు పోతారని లెక్కలతో సహా తెలిసినవాళ్ళు గదుల్లో కూర్చుని ఒక కాగితం రాసి, సంతకం పెట్టి, కిందికి పంపి చేతులు దులుపుకున్నారు. నీళ్ళ పంపు పంపలేదు, గడువు పెంచలేదు, ఎందుకో చెప్పలేదు. కాగితం ఒకటి పంపారు. అది ఆఖరికి ఎవడి జేబులో చేరితే పాపం వాడిది. పైవాడి తప్పుని చిట్టచివరి చేతికి అంటగట్టే పద్ధతి ఇది. ముప్ఫై ఏళ్ళుగా నేను రాస్తున్నది ఇదే. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

కానీ ఎంత వాదించినా ఆ చెయ్యి నాన్నదే. "పొడిగానే లాగెయ్యండ్రా" అన్న గొంతు నాకు వినపడుతోంది. మనల్ని వరండాలో నిలబెట్టిన గొంతే. వాళ్ళకి ఆయాసం రాకూడదనే అన్నాడు. ప్రేమతోనే చంపాడు. దీన్ని ఏ వ్యాసంలో పెట్టను?

ఇంకొకటి. ఆయన చచ్చిపోయినవాళ్ళ హాజరు తీసుకుంటుంటే నేను దాన్ని పత్రికలో మూడు కాలమ్‌ల హాస్యం చేశాను. ఎక్కడా తప్పు లేదన్నాడా? నేను ఆయన్ని ఏడేళ్ళు మొండివాడనుకున్నాను. గదిలో ఒక్కణ్ణే తింటూ, పడుకుంటూ, గెలిచాననుకున్నాను.

కొత్త పేజీ దీనితో ఉంది. రెండూ రాశాను, కాగితం పంపినవాళ్ళనీ, జేబులో పెట్టుకున్న మనిషినీ. నా వ్యాసం సంగతి కూడా. సెంటర్ హాఫ్ గారి భార్యని రానివ్వు. ఆవిడకి తెలియాలి. తెలియకుండా ఆయన కోసం ఆవిడ చేత కన్నీళ్ళు పెట్టించడం దొంగతనం. పదహారున ఉదయం రైలుకి వస్తాను. చదివేది నేనే. ఒకవేళ నా రైలు ఆలస్యమైతే నువ్వు చదువు, ఒక్క మాటా తీయకుండా.

తమ్ముడు

*

ఫిబ్రవరి 17

తమ్ముడూ,

రైలు సమయానికే వచ్చిందట. మీ బావ స్టేషనుకెళ్ళి కనుక్కున్నాడు.

మొదటి వరసలో చివరి కుర్చీ మీద నా బ్యాగు పెట్టి ఉంచాను. రెండుసార్లు ఎవరో కూర్చోబోతే "మనిషి వస్తున్నాడు" అన్నాను. మందిరం పెద్ద ప్రార్థన చేశాడు, క్లబ్బు వాళ్ళు మాట్లాడారు, సంఘం తరఫున ఒకాయన నాన్న క్రమశిక్షణ గురించి పావుగంట చెప్పాడు. తర్వాత నీ పేరు పిలిచారు. అందరూ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశారు. నేను లేచాను.

నా జీవితంలో మైకు పట్టుకోలేదు. సగం మైకు బయటే చదివానేమో, వెనక వరసల వాళ్ళకి వినపడలేదని తర్వాత అన్నారు. నాన్న ఆ కాగితం జేబులో పెట్టుకున్నాడన్న చోటికి వచ్చేసరికి సంఘం ఆయన లేచి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు కదల్లేదు. ఒక్క మాటా తీయలేదు నేను.

సెంటర్ హాఫ్ గారి భార్య వెనకెక్కడో కూర్చుంది. అయిపోయాక దగ్గరికొచ్చింది. బక్కమనిషి, చేతిలో గుడ్డ సంచి. "ఆ కాగితం నాకు ఇస్తావా అమ్మా?" అంది. ఇచ్చాను. "ఏటా ఉత్తరం రాసేవాడు. వానల గురించి రాసేవాడు, మ్యాచ్‌ల గురించి రాసేవాడు. ఇది రాయలేదు" అంది. టీ తాగమంటే వద్దంది. కారులో దింపుతామంటే వద్దంది. వెళ్ళిపోయింది. క్షమించిందని రాయలేను, నాకు అలా కనపడలేదు.

బ్యాగు ఉన్న కుర్చీ అలాగే ఉంది. ఇల్లు చేరాక బ్యాగు అక్కడే మర్చిపోయానని గుర్తొచ్చింది.

నీకు రాయడమే వచ్చురా. రావడం రాదు.

అక్క

*

ఫిబ్రవరి 19

అక్కయ్యా,

వచ్చాను.

స్టేషను నుంచి నడిచే వచ్చాను. మందిరం మెట్ల దాకా వచ్చాను. లోపల పాట మొదలైంది. ఈ గుమ్మం తొక్కనని ఇరవై ఏళ్ళుగా ప్రతి వేదిక మీదా చెప్పిన మనిషిని, మెట్ల దగ్గరే ఆగిపోయాను. సిద్ధాంతం అని నాకు నేను చెప్పుకున్నాను. భయం. ఆవిడ మొహం చూస్తూ చదవాలనే భయం. రోడ్డు దాటి, ఎదురుగా బస్టాపు బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి నీ గొంతు వచ్చింది, ముక్కలు ముక్కలుగా. ఏ వాక్యంలో ఉన్నావో నాకు తెలుస్తూనే ఉంది.

అయిపోయాక జనం బయటికొచ్చారు. అప్పుడైనా లేచి నీ దగ్గరికి రావాల్సింది. బస్సొస్తే ఎక్కేద్దామని చూస్తున్నాను. ఒక ముసలావిడ రోడ్డు దాటి వచ్చి నా పక్కన కూర్చుంది. గుడ్డ సంచి. నా వైపు చూసి, "నువ్వు గోల్‌కీపర్ కొడుకువి కదూ? ఆ గడ్డం ఆయనదే, ఫొటోలో చూశాను" అంది.

అవునన్నాను.

"లోపలికి రాలేదేం?"

"రాలేకపోయానండీ."

"నాకు వెనక సరిగ్గా వినపడలేదు. మీ అక్క మైకు పట్టుకోలేదు." సంచిలోంచి కాగితం తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఇది నువ్వు రాసిందేనట. చదువు."

చదివాను. చదివే మనిషినే అక్కయ్యా నేను, వేల మంది ముందు చదివాను. ఒక్కావిడ ముందు తొలి వాక్యమే రెండుసార్లు మొదలుపెట్టాను. "మాస్కుల్లో ఊపిరాడక చస్తారు" అన్న దగ్గర ఆగిపోయాను. ఆవిడ రోడ్డు వైపే చూస్తోంది.

"ఆపావేం? ఆఖర్న మా ఆయన దుప్పట్లు కప్పుకోలేకపోయేవాడు, బరువని. పదకొండు నెలలు. నేను చూశాను. నువ్వు కాగితం చదవలేవా?"

చదివాను. పైవాళ్ళ సంతకం దగ్గర తలాడించింది. నా వ్యాసం దగ్గర నా వైపు తిరిగి, "మా ఆయన పేరు కూడా ఉందా ఆ వెక్కిరింతలో?" అంది. ఉందన్నాను, సెంటర్ హాఫ్ అని. చివరి వాక్యం అయిపోయేసరికి ఆవిడ బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు ఊరి పేరు రెండుసార్లు అరిచాడు. నేను కాగితం మడిచి ఇవ్వబోయాను.

ఆవిడ లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది.

"మొదట్నించి చదువు" అంది. "ఈసారి మెల్లిగా."

తమ్ముడు